హామ్లెట్‌ని మన ఇంటి సంగతులతో కలిపి చదవడం ఎలా: తండ్రి చెప్పిన మాట, కొడుకు పట్టిన పగ

షేక్‌స్పియర్ హామ్లెట్ అనగానే చాలామందికి దెయ్యం గుర్తొస్తుంది, పుర్రె చేతిలో పట్టుకున్న రాకుమారుడు గుర్తొస్తాడు, బతకడమా చావడమా అని తనలో తాను తర్కించుకునే ఆ పెద్ద ప్రసంగం గుర్తొస్తుంది. అవి గొప్పవే, కాదనను. కానీ మన ఇళ్లలో రోజూ నడిచే వ్యవహారం అందులో కనపడాలంటే వేరే చోట మొదలుపెట్టాలి. మొదటి అంకం మూడో రంగంలో పొలోనియస్ అనే రాజమంత్రి ఫ్రాన్స్ వెళ్తున్న కొడుకు లేర్టిస్‌కి జాగ్రత్తలు చెప్తాడు. అదే అంకం అయిదో రంగంలో చనిపోయిన రాజు దెయ్యమై వచ్చి, నన్ను చంపినవాడి మీద పగ తీర్చమని కొడుకు హామ్లెట్‌ని అడుగుతాడు. ఇద్దరు తండ్రులు, ఇద్దరు కొడుకులు, చేతిలో పెట్టి వెళ్లిన రెండు మాటలు. ఆ తర్వాత నాటకమంతా ఆ మాటలు ఏమయ్యాయన్నదే.

నేను దీన్ని ఎలా చదువుతానో ముందే చెప్పేస్తాను. ఇద్దరు కొడుకులూ తండ్రి పేరు చెప్పుకుని పగ పట్టారు, పట్టాక ఆ తండ్రి చెప్పిన మాటనే గాలికి వదిలేశారు. గట్టు తగాదాల్లో, అన్నదమ్ముల పంపకాల్లో, పెళ్లిలో జరిగిన అవమానాన్ని ఇరవై ఏళ్లు మోసే కుటుంబాల్లో సరిగ్గా ఇదే జరుగుతుంది కాబట్టే ఈ నాటకం మనకి పనికొస్తుందంటున్నాను.

మొత్తం నాటకం ఒక్కసారే మీదేసుకోకండి. ఇది షేక్‌స్పియర్ నాటకాలన్నిటిలోకీ పొడవైనది, పాతకాలపు ఇంగ్లిష్ కాబట్టి మధ్యలో వదిలేసే ప్రమాదం ఉంది. కథ తెలుసుకుని (డెన్మార్క్ రాజుని తమ్ముడు క్లాడియస్ చెవిలో విషం పోసి చంపి, వదిన గెర్ట్రూడ్‌ని పెళ్లాడి సింహాసనం ఎక్కాడు, హామ్లెట్ పొరపాటున పొలోనియస్‌ని చంపాడు, దాంతో లేర్టిస్ హామ్లెట్ మీద పగబట్టాడు), ఆ తర్వాత ఈ రంగాలు మాత్రం వరసగా చదవండి: ఒకటో అంకంలో 3, 5, రెండో అంకంలో 1, మూడో అంకంలో 3, 4, నాలుగో అంకంలో 5, 7, చివరిగా అయిదో అంకంలో 2. పక్కనే అర్థాలు ఇచ్చిన ప్రతి ఏదైనా సరిపోతుంది. నెట్‌లో 1603లో అచ్చయిన పొట్టి ప్రతి తగిలితే పక్కన పెట్టండి, అందులో పొలోనియస్ పేరు కూడా వేరే ఉంటుంది, అయోమయపడతారు.

ముందు పొలోనియస్ మాటలు మీ ఇంటి మాటల్లోకి మార్చి రాసుకోండి

ఓడ సిద్ధంగా ఉంది, గాలి అనుకూలంగా ఉంది, నీకోసమే ఆగారు, ఇంకా ఇక్కడే ఉన్నావేంట్రా అని కొడుకుని తొందరపెట్టి, తీరా వాడు బయల్దేరబోతుంటే ఆపి సుద్దులు మొదలుపెడతాడు పొలోనియస్. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో లోపలికి వెళ్లే గేటు దగ్గర ట్రాలీ పట్టుకుని నిలబడ్డ కుటుంబాలని చూసినవాళ్లకి ఈ రంగం వివరించక్కర్లేదు. పాస్‌పోర్ట్ పైన పెట్టుకో, ఎవరికీ డబ్బులు ఇవ్వకు, అక్కడ మనవాళ్లతోనే ఉండు, వెళ్లగానే ఫోన్ చెయ్యి.

పొలోనియస్ చెప్పేవి ఇవి: మనసులో ఉన్నదంతా బయటపెట్టకు. అందరితో కలుపుగోలుగా ఉండు కానీ చులకనైపోకు. నికార్సయిన స్నేహితుల్ని గట్టిగా పట్టుకో, కొత్తగా పరిచయమైన ప్రతివాడికీ చెయ్యి చాపకు. తగాదాలోకి దిగకు, దిగావంటే అవతలివాడు నిన్ను చూసి జంకేలా ఉండు. అందరు చెప్పేదీ విను, నువ్వు మాత్రం కొద్దిమందితోనే మాట్లాడు. ఎవరేమన్నా విని ఊరుకో, తీర్పు నీ దగ్గరే ఉంచుకో. ఉన్నంతలో మంచి బట్టలు వేసుకో, ఆర్భాటం వద్దు. అప్పు చేయకు, అప్పు ఇవ్వకు, ఇస్తే డబ్బూ పోతుంది స్నేహితుడూ పోతాడు. అన్నిటికన్నా మించి, నీకు నువ్వు నిజాయితీగా ఉండు.

ఒక కాగితం మీద వీటిని ఎడమవైపు రాసి, ప్రతిదాని పక్కన మీ అమ్మానాన్నలు అదే సంగతిని ఏ మాటల్లో చెప్పారో రాయండి. కొన్ని అక్షరాలా కలుస్తాయి, కొన్ని ఎదురెళ్తాయి. అప్పు సంగతే చూడండి: పొలోనియస్ అసలు ఇవ్వొద్దు పుచ్చుకోవద్దు అంటాడు, సుమతీ శతకం అప్పిచ్చేవాడు ఉన్న ఊళ్లోనే ఉండమంటుంది. ఒకటి సంపన్నుడైన మంత్రి కొడుక్కి చెప్పిన మాట, ఇంకోటి అదనుకి అప్పు పుట్టకపోతే పూట గడవని ఊళ్లలో పుట్టిన మాట. తల్లిదండ్రులు చెప్పేదాంట్లో వాళ్ల జీవితం ఎంతుందో, మన అవసరం ఎంతుందో విడదీసి చూడటం ఇక్కడే అలవాటవుతుంది. మా నాన్న అప్పు చేయొద్దన్నారంటే ఆయన ఏ వడ్డీవ్యాపారి గడప దగ్గర ఎంతసేపు నిలబడ్డారో తెలుసుకుంటేనే ఆ మాట బరువు తెలుస్తుంది. కాబట్టి బతికున్నవాళ్లయితే అడగండి, ఎందుకు అలా చెప్పేవారని.

ఆ కాగితం మీదే మరో గీత గీయండి. లేర్టిస్‌కి ఇవన్నీ చెప్పి దీవించి పంపిన అదే తండ్రి, అదే రంగంలో, ఆ వెంటనే కూతురు ఒఫీలియా వైపు తిరుగుతాడు. అక్కడ దీవెనలు లేవు. హామ్లెట్ ప్రమాణాలు నమ్ముతున్నావా, పచ్చి పిల్లవి, ఇకమీదట అతనితో మాట్లాడకు అంతే. మీరు చెప్పినట్టే వింటాను అంటుంది ఆ అమ్మాయి. తర్వాత రెండో అంకంలో హామ్లెట్ రాసిన ప్రేమలేఖని తీసుకెళ్లి రాజూ రాణీ ముందు బిగ్గరగా చదువుతాడు ఆ తండ్రి, మధ్యలో ఈ పదం బాగాలేదని వంకలు పెడుతూ. కూతురి ఫోన్ లాక్కుని మెసేజ్‌లు బాబాయిలకీ మేనమామలకీ చూపించే ఇళ్లు నాకు తెలుసు, మీకూ తెలుసు. కొడుక్కి సలహా, కూతురికి హుకుం. మీ ఇంట్లో ఏ పిల్లలకి ఏది దక్కిందో నిజాయితీగా రాయండి. ఈ ఒక్క గీత దగ్గర చాలామంది అక్కాచెల్లెళ్లు చాలాసేపు ఆగుతారు.

సలహా ఇచ్చాక నమ్మారా, కూపీ లాగారా?

రెండో అంకం మొదటి రంగం చాలామంది దాటేస్తారు, కొన్ని ప్రదర్శనల్లో తీసేస్తారు కూడా. దయచేసి దాటకండి. పొలోనియస్ తన మనిషి రేనాల్డోకి డబ్బూ ఉత్తరాలూ ఇచ్చి పారిస్‌కి పంపుతున్నాడు, లేర్టిస్‌కి ఇమ్మని. ఇస్తూ ఇస్తూ ఇంకో పని చెప్తాడు. వెంటనే వాడి దగ్గరికి వెళ్లకు, ముందు అక్కడున్న మన దేశంవాళ్లని పట్టుకో. లేర్టిస్ నాకు కొంచెం తెలుసు అని మొదలుపెట్టి, జూదం ఆడతాడట కదా, తాగుతాడట కదా, గొడవలు పెట్టుకుంటాడట కదా అని నువ్వే కల్పించి వెయ్యి. అవతలివాడు అవునన్నాడంటే విషయం బయటపడినట్టే. రేనాల్డో పాపం ఆగి అడుగుతాడు, అయ్యా అది పరువు తీసే మాట కాదా అని. ఏం కాదు, నువ్వు చెప్పే తీరులో చెప్తే ఏం కాదు అంటాడు ఆయన. అలా చెప్తూ చెప్తూ మధ్యలో తాను ఏం చెప్తున్నాడో మర్చిపోయి, ఏమంటున్నాను, ఎక్కడ ఆపాను అని నౌకరునే అడుగుతాడు.

నీకు నువ్వు నిజాయితీగా ఉండమన్న మనిషి చేసిన పని ఇది. రూమ్మేట్‌కి ఫోన్ చేసి, మావాడు సిగరెట్లు కాలుస్తున్నాడంట కదా బాబూ, నాకు అన్నీ తెలుసులే, నిజం చెప్పు అని అడిగే నాన్నలు దుర్మార్గులు కారు. వాళ్లది భయం. పొలోనియస్‌దీ భయమే అని నేను నమ్ముతాను. కానీ ఆ ఫోన్ సంగతి పిల్లాడికి తెలిసిన రోజు నుంచీ అప్పటిదాకా చెప్పిన మంచి మాటలన్నీ వాడి చెవికి నిఘాలా వినిపిస్తాయి. కాబట్టి మీరు తల్లో తండ్రో అయితే ఈ రంగం చదివాక చేయాల్సిన పని ఒకటుంది. పిల్లల గురించి మీరు వేరేవాళ్లని అడిగిన ప్రశ్న ఏదైనా ఒకటి తీసుకుని నేరుగా పిల్లల్నే అడగండి, నాకు భయంగా ఉంది అనే మాట చేర్చి అడగండి. భయం దాచి అధికారం చూపిస్తేనే పిల్లలు అబద్ధం నేర్చుకుంటారు.

దెయ్యం పెట్టిన షరతులు గుర్తుపెట్టుకోండి

ఇప్పుడు రెండో తండ్రి. ఈయన కోరిక పగ. కానీ అయిదో రంగం జాగ్రత్తగా చదివితే ఆ కోరికకి రెండు కట్టుబాట్లు కూడా పెట్టాడు: నీ మనసు పాడుచేసుకోకు, మీ అమ్మ జోలికి పోకు, ఆమెని దేవుడికీ ఆమె అంతరాత్మకీ వదిలెయ్యి. హామ్లెట్ పగ ఒక్కటీ పట్టుకున్నాడు. మనసు పాడైంది, ఒఫీలియాని నోటికొచ్చినట్టు అన్నాడు, తల్లిని ఆమె గదిలోనే నిలదీశాడు. ఆ గది తెర వెనక చప్పుడైతే రాజే అనుకుని కత్తి దూశాడు. చచ్చింది పొలోనియస్. చూశారా, కూపీ లాగే అలవాటున్న తండ్రి తెర చాటున పొంచి ఉండి చచ్చాడు, మనసు పాడుచేసుకోవద్దన్న మాట మరిచిన కొడుకు చంపాడు, రెండు ఇళ్ల కథ ఒక్క గదిలో కలిసింది.

మన దగ్గర ఇది ఆఖరి మాటల రూపంలో వస్తుంది. మంచం పట్టిన పెద్దాయన, నేను పోయినా వాడి గడప తొక్కొద్దురా అని అంటాడు. ఆ మాట పట్టుకుని పిల్లలు సొంత బాబాయి కూతురి పెళ్లికి వెళ్లరు. కానీ అదే పెద్దాయన జీవితమంతా ఇంకా చాలా చెప్పి ఉంటాడు, కలిసుండండి, అక్కని చూసుకోండి, నోరు అదుపులో పెట్టుకోండి అని. వాటిలో చివరి రోజుల కోపం ఒక్కటే ఎందుకు మిగిలింది? మీ దగ్గర అలాంటి మాట ఏదైనా ఉంటే దాని కింద ఆ మనిషి మామూలు రోజుల్లో చెప్పినవి ఒక అయిదారు రాయండి. రాశాక చూస్తే ఆ ఆఖరి మాట మిగతావాటితో పొసగదు చాలాసార్లు.

హామ్లెట్‌కి దక్కాల్సిన గౌరవం కూడా ఇవ్వాలి. దెయ్యం చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి, రాజు ముందు అలాంటి హత్యే ఉన్న నాటకం వేయించి అతని ముఖం గమనించాడు. ఆధారం చూసుకున్నాడు. కానీ ఆ తర్వాత మూడో అంకం మూడో రంగంలో రాజు మోకాళ్ల మీద ప్రార్థనలో దొరికితే, ఇప్పుడు చంపితే స్వర్గానికి పోతాడు, పాపం చేస్తుండగా చంపి నరకానికి పంపుతా అని వదిలేశాడు. న్యాయం కావాలనుకున్నవాడు అవతలివాడి ఆత్మ కూడా కాలిపోవాలని కోరుకునే దాకా వెళ్లాడు. వాటా వస్తే చాలదు, వాడు నలుగురిలో తలెత్తుకోలేకుండా పోవాలి అనే మాట మీ నోట్లో వచ్చిందా, అప్పుడు ఈ రంగం తీసి చదవండి.

ఎగదోసేవాళ్లని పట్టుకోవడం లేర్టిస్ దగ్గర నేర్చుకోండి

నాలుగో అంకం ఏడో రంగం ఈ నాటకంలో నాకు అన్నిటికన్నా భయం వేసే చోటు. తండ్రి చచ్చిపోయాడని ఫ్రాన్స్ నుంచి వచ్చిన లేర్టిస్ జనాన్ని వెంటేసుకుని కోట తలుపులు బద్దలుకొట్టాడు, చెల్లెలు పిచ్చిదై పువ్వులు పంచుతూ తిరగడం కళ్లారా చూశాడు. అలాంటి కుర్రాడిని క్లాడియస్ పక్కన కూర్చోబెట్టుకుని ఏం చేస్తాడో వరసగా చూడండి. ముందు నేను నీ పక్షమే అంటాడు. తర్వాత పొగుడుతాడు, నీ కత్తిసాము గురించి ఫ్రాన్స్ నుంచి వచ్చినాయన ఎంత గొప్పగా చెప్పాడో, హామ్లెట్ విని ఎంత కుళ్లుకున్నాడో అని. పొగుడుతూ పొగుడుతూ మాట ఆపి, మీ నాన్నంటే నీకు నిజంగా ప్రేమేనా, లేక ఈ దుఃఖం పైపైనేనా అని అడుగుతాడు. ఎందుకలా అడుగుతున్నారు అంటాడు లేర్టిస్. ప్రేమ రోజులు గడిస్తే చల్లారిపోతుంది కదా, అందుకని, ఇంతకీ నువ్వు ఆయన కొడుకువని మాటల్లో కాక చేతల్లో ఎలా చూపిస్తావు? చర్చిలోనైనా సరే గొంతు కోస్తాను అంటాడు కుర్రాడు. పగకి హద్దులుండకూడదు, అది రాజు సమాధానం. ఆ వెంటనే కుట్ర తయారవుతుంది, మొన మొద్దుచేయని కత్తి, దానికి విషం పూస్తానని లేర్టిస్ తానే ముందుకొస్తాడు.

నువ్వసలు ఆయన కొడుకువేనా, నీకు రోషం లేదా, చేతకానివాడిలా ఊరుకుంటావా అనే మాటలు మనకి కొత్తా? అలా అన్నవాళ్ల దగ్గర మూడు సంగతులు చూడండి. ఈ గొడవ ముదిరితే వాళ్లకి ఏం ఒరుగుతుంది (హామ్లెట్ చస్తే క్లాడియస్ నేరం కప్పబడిపోతుంది). వాళ్లు తామే ముందు నడవకుండా మిమ్మల్నే ఎందుకు తోస్తున్నారు (హామ్లెట్ అంటే తల్లికీ జనానికీ ప్రాణం, అందుకే తాను చేయలేనని క్లాడియస్ అంతకుముందే చెప్పేశాడు). మూడోది, వాళ్లు చెప్పిన కథ కాక అవతలి మనిషి నోటి నుంచి ఒక్క ముక్కైనా విన్నారా. లేర్టిస్ వినలేదు. మా నాన్న తెర వెనక ఎందుకున్నాడు అన్న ప్రశ్నే అతనికి రాలేదు.

ఇప్పుడు మీ కాగితంలో ఎడమవైపు చూడండి. అందరు చెప్పేదీ విను, తీర్పు నీ దగ్గరే ఉంచుకో, తగాదాలోకి దిగకు. ఓడ ఎక్కే ముందు తండ్రి చెప్పిన ఈ మూడింటిలో ఒక్కటి గుర్తున్నా లేర్టిస్ బతికేవాడు. ఆ తండ్రి కోసమే కదా ఇదంతా చేశాడు!

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అన్యాయం జరిగితే నోరు మూసుకోమని నాటకం చెప్పట్లేదు, నేనూ చెప్పట్లేదు. డెన్మార్క్‌లో హంతకుడే రాజు, హామ్లెట్ వెళ్లి ఫిర్యాదు చేయడానికి చోటే లేదు. మనకి ఉంది, ఎంత నెమ్మదిగా నడిచినా ఉంది. ఆస్తి, గట్టు, భరణం లాంటివి లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, ఆ తీర్పు మీద అప్పీలు ఉండదు కాబట్టి గొడవ అక్కడితో తెగుతుంది. మహిళలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది, 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది. పగ పట్టేంత కోపం ఉన్నప్పుడు ఆ శక్తిని అర్జీ రాయడానికి వాడండి.

మూడో కొడుకు ఫోర్టిన్‌బ్రాస్ గురించి కొద్దిగా. నార్వే రాకుమారుడు, ఇతని తండ్రిని హామ్లెట్ తండ్రి ద్వంద్వయుద్ధంలో చంపాడు. ఇతనూ సైన్యం పోగేశాడు, కానీ పినతండ్రి పిలిచి మందలిస్తే ఆగిపోయాడు, చివరికి డెన్మార్క్ సింహాసనం ఇతనికే దక్కింది. ఇతన్ని మంచి బాలుడి ఉదాహరణగా పిల్లలకి చెప్పేవాళ్లున్నారు, నాకు అది నచ్చదు, ఎందుకంటే అదే సైన్యాన్ని పోలండ్‌లో కౌలుకి కూడా ఎవరూ తీసుకోని ముక్క నేల కోసం నడిపించాడు. పినతండ్రి నుంచి మాత్రం ఒకటి తీసుకోవచ్చు: కోపంలో ఉన్న కుర్రాడిని వద్దు అని ఊరుకోలేదు, డబ్బిచ్చి వేరే పని చూపించాడు.

క్షమాపణ వచ్చినప్పుడు

చివరి రంగంలో కత్తిసాము మొదలయ్యే ముందు హామ్లెట్ అందరి ఎదుట లేర్టిస్‌ని క్షమించమని అడుగుతాడు. లేర్టిస్ జవాబు రెండుసార్లు చదవండి. నా మనసు శాంతించింది అంటాడు. కానీ పరువు సంగతి వేరు, పేరున్న పెద్దలు ఇది సరే అని చెప్పేదాకా రాజీ పడను అంటాడు. మనసు ఒప్పుకుంది, నలుగురూ ఏమనుకుంటారో అన్నది ఒప్పుకోలేదు. కాసేపటికి గెర్ట్రూడ్, క్లాడియస్, లేర్టిస్, హామ్లెట్ నలుగురూ చచ్చిపోయారు. ప్రాణం పోయే ముందు లేర్టిస్ నిజమంతా చెప్పి, మనం ఒకరినొకరం క్షమించుకుందాం, నా చావూ మా నాన్న చావూ నీ మీద పడకూడదు, నీ చావు నా మీద పడకూడదు అంటాడు. అంతకుముందు అనాల్సిన మాట అది.

ఇంట్లో ఎవరితోనైనా కలిసి చదువుతుంటే ఈ చోట ఆగి హామ్లెట్ క్షమాపణ మీద వాదించుకోండి, ఎందుకంటే అది పూర్తి క్షమాపణ కాదు. తప్పు చేసింది నేను కాదు, నా పిచ్చి అంటాడు, పొలోనియస్ పేరెత్తడు. మీరే ఎవరికైనా సారీ చెప్పాల్సి ఉంటే దాన్ని ఇలా సరిచేసి రాయండి: ఎవరికి ఏం జరిగిందో పేరు పెట్టి చెప్పండి, కోపం, తాగుడు, టెన్షన్, పక్కవాళ్ల మాటలు అని సాకులు చేర్చకండి, అవతలివాళ్లు వెంటనే ఒప్పుకోవాలని ఎదురుచూడకండి. మీకే ఎవరైనా చెప్పడానికి వస్తే, పెళ్లి పందిట్లో పక్కకి పిలిచి గొంతు పెగలక అరకొరగా చెప్పినా సరే, పెద్దమనుషుల్లో పెట్టి మాట్లాడదాం అని పంపించేయకుండా, మీ మనసు ఒప్పుకుంటే ఆ మాట అక్కడే అనేయండి.